ఎర్ర నక్క, ఎలుకలు, కోళ్ల గూడు

లెస్టర్, ఇంగ్లండ్

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మా పక్క మడి వారి కోళ్లను నక్క చంపిందని చెప్పినప్పుడు, ఒక్క కోడితో ఆకలి తీరే జంతువు అన్నింటినీ ఎందుకు చంపింది, అది అంత దుర్మార్గమైనదా అని మీరు అడిగారు. ఫోనులో రెండు మాటల్లో చెప్పగలిగిన విషయం కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా మా మడి సంగతి తెలియాలి. కూరగాయలు పండించుకోవడానికి ఇక్కడి పురపాలక సంఘాలు పట్టణవాసులకు తక్కువ అద్దెకు ఇచ్చే నేలను అలాట్‌మెంట్ అంటారు. పూర్తి మడి దాదాపు 250 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో మూడు వందల గజాలు. 1950 నాటి చట్టం ప్రకారం అందులో కోళ్లను, కుందేళ్లను పెంచుకోవచ్చు. అయితే వ్యాపారానికి పెంచకూడదు, కోడిపుంజులను అసలే ఉంచకూడదు. మన ఊళ్లలో కోళ్ల గూడు ఇంటి పంచనే ఉంటుంది, అలికిడి అయితే కుక్క మొరుగుతుంది, ఎవరో ఒకరు లేస్తారు. ఇక్కడ చీకటి పడ్డాక మడులలో మనిషన్నవాడు ఉండడు. కోళ్లకు రాత్రిపూట ఆ గూడు తప్ప మరో దిక్కు లేదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఎర్ర నక్క అడవిలో వేటాడేటప్పుడు ఒక పక్షిని పట్టగానే మిగిలినవి ఎగిరిపోతాయి, కాబట్టి దానికి దక్కేది ఒక్కటే. మూసిన గూటిలో కోళ్లకు పారిపోయే దారి ఉండదు. అవి రెక్కలు కొట్టుకుంటూ కళ్ల ముందే తిరుగుతున్నంతసేపూ నక్కలోని వేట స్వభావం ఆగదు. తినగా మిగిలినదాన్ని ఒక్కొక్కటిగా మోసుకెళ్లి మట్టిలో పాతిపెట్టుకోవడం, ఆకలి వేసినప్పుడు తవ్వుకుని తినడం దాని అలవాటు. ఈలోగా తెల్లవారి మనుషులు వస్తే మిగిలిన కళేబరాలను వదిలి పారిపోతుంది, మనం చూసేది ఆ దృశ్యాన్నే. మార్చి, ఏప్రిల్ నెలలలో దానికి సాధారణంగా నాలుగైదు పిల్లలు పుడతాయి. వాటిని మేపవలసిన మే నెలలో తల్లిదండ్రులు పట్టపగలు కూడా వేటకు వస్తాయి. దీన్ని దుర్మార్గం అనడానికి నాకు మనసొప్పదు. ఎగిరిపోలేని చోట కోళ్లను బంధించినవాళ్లం మనమే గనుక, వాటికి కాపలా బాధ్యత కూడా మనదే.

ఆ కాపలా ఎలాగో చెబుతాను. కోళ్ల జాలీ పేరుతో అమ్మే సన్నని తీగ వల కోళ్లను లోపల ఉంచుతుందే తప్ప నక్కను బయట ఆపలేదు, అది పళ్లతో కొరికి చింపేస్తుంది. దాని బదులు 13 మిల్లీమీటర్ల కన్నాలున్న, వెల్డింగు చేసిన గట్టి ఇనుప జాలీ వాడాలి. నక్క ఆరడుగుల కంచెనైనా ఎక్కి దాటుతుంది కాబట్టి పైకప్పు కూడా ఉండాలి. అది కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది కాబట్టి, అదే జాలీని బయటివైపు నేల మీద రెండడుగుల మేర పరిచి మేకులతో బిగిస్తే దాని గోళ్లు జాలీకే తగులుతాయి. ఇంత చేసినా, మునిమాపు వేళ తలుపు వేయడం మరిచిపోతే అంతా వృథా. ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. అందుకే చాలామంది వెలుతురును బట్టి తనంతట తానే మూసుకునే తలుపు అమర్చుకుంటారు.

ఎలుకల సంగతి వేరు. గుడ్లు, కోడిపిల్లలు దొరికితే వదలవు గాని అవి ముఖ్యంగా వచ్చేది దాణా కోసం. గర్భం దాల్చిన మూడు వారాలకే పిల్లలు పెడతాయి గనుక గింజలు రోజూ దొరికే చోట వాటి సంఖ్య చూస్తూండగానే పెరిగిపోతుంది. దాణాను మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టి, సాయంత్రానికి తొట్టిని ఎత్తివేసి, గూటిని నేలకు జానెడు ఎత్తున నిలిపితే సగం ఎలుకలు వాటంతటవే తగ్గిపోతాయి. మిగిలిన అన్నం కోళ్లకు వేయడం మన ఇళ్లలో మామూలే. ఇక్కడ మాత్రం 2001లో పశువులకు గాలికుంటు వ్యాధి ప్రబలిన తరువాత వంటింటి మిగులును కోళ్లకు సైతం పెట్టకూడదని నిషేధించారు. ఎలుకల మందు వాడమని ఎవరైనా చెబితే నాకు భయం వేస్తుంది. అది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. దాన్ని పట్టి తిన్న గుడ్లగూబకూ, నక్కకూ ఆ విషమే ఎక్కుతుంది. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది గనుక మడిలో పని చేసిన చేతులను సబ్బుతో కడగకుండా ఏదీ తినకూడదు.

బ్యాడ్జర్ అనే బలమైన జంతువు కూడా అరుదుగా వస్తుంది, బలహీనమైన చెక్కగూటిని చీల్చివేస్తుంది. 1992 చట్టం దానికి రక్షణ కల్పించింది కాబట్టి దాన్ని ముట్టుకోవడానికి వీలులేదు. ఒంటినిండా ముళ్లుండే హెడ్జ్‌హాగ్ అనే చిన్న జంతువు మాత్రం మాకు ఇష్టమైన అతిథి, మొక్కలను కొరికే పురుగులను తింటుంది.

నక్కను పట్టి దూరంగా వదిలేయవచ్చు కదా అని మీలో ఒకరు అన్నారు. తెలియని చోట వదిలిన నక్కకు తిండి ఎక్కడ దొరుకుతుందో తెలియదు, అక్కడి నక్కలు దాన్ని తరిమికొడతాయి. ఇక్కడ ఖాళీ అయిన జాగాలోకి త్వరలోనే మరొకటి వస్తుంది. అందుకే పక్క మడివారు నక్క జోలికి పోకుండా పాత వల తీసివేసి గట్టి జాలీ బిగిస్తున్నారు. వచ్చే ఆదివారం నేనూ వారికి సాయం వెళ్తున్నాను.

ఆశీస్సులతో,
తాతయ్య