నెట్‌వర్క్‌లో సాఫ్ట్‌వేర్ లైసెన్సులు: అపోహలు – వాస్తవాలు

చిన్న కార్యాలయాలకు, క్లినిక్కులకు, జూనియర్ కళాశాలలకు సర్వర్లు అమర్చి, వాటి నెట్‌వర్క్ చూసుకోవడం నా వృత్తి. ఒక కంప్యూటర్‌కు ఎన్ని యంత్రాలను కలపగలమన్నది ఒక లెక్క, ఎన్నింటిని కలపడానికి లైసెన్సు ఒప్పుకుంటుందన్నది వేరే లెక్క. నాకు ఎదురయ్యే అపోహల్లో చాలావరకు ఈ రెండు లెక్కలనూ ఒకటిగా చూడటం వల్ల వచ్చినవే.

అపోహ: సాఫ్ట్‌వేర్ అడ్డుకోలేదంటే ఆ వాడకానికి అనుమతి ఉన్నట్టే.

వాస్తవం: 1996లో మామూలు ఆఫీసు కంప్యూటర్ల కోసం చేసిన విండోస్ ఎన్‌టీ వర్క్‌స్టేషన్ 4.0 ఇంకా బీటా (విడుదలకు ముందు పరీక్షించే) దశలో ఉండగా, పదికి మించి కంప్యూటర్లు వచ్చి దానికి కలవకుండా మైక్రోసాఫ్ట్ ఒక పరిమితి పెట్టింది. చవకైన వర్క్‌స్టేషన్ మీద వెబ్ సర్వర్ నడుపుకోనివ్వకుండా, ఖరీదైన ఎన్‌టీ సర్వర్‌ను కొనిపించడానికే ఈ ఏర్పాటు అని, స్వయంగా వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న టిమ్ ఓరైలీ వంటివారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. దాంతో విడుదలకు ముందే ఆ పరిమితిని కోడ్ నుంచి తొలగించారు గానీ, పది అన్న అంకెను లైసెన్సు ఒప్పందంలో అలాగే ఉంచారు. ఆ ఏడాదే సాఫ్ట్‌వేర్ నిపుణులు మార్క్ రుసినోవిచ్, ఆండ్రూ షుల్‌మన్ ఈ రెండు ఉత్పత్తుల కెర్నల్ (విండోస్ మూల భాగం) ఒకటేనని, రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటులోని) అమరికను బట్టి అది వర్క్‌స్టేషన్‌గానో సర్వర్‌గానో నడుచుకుంటుందని చూపించారు. సర్వర్‌తో అదనపు సేవలు వచ్చేవన్నది నిజమే. కానీ పది అన్న హద్దు ఉన్నది యంత్రంలో కాదు, ఒప్పందంలో.

నేటికీ ఒప్పందంలో ఇలాంటి హద్దులు ఉన్నాయి. విండోస్ 10, 11 ఒప్పందాల ప్రకారం ఫైళ్లు, ప్రింటర్ల వంటి కొన్ని సేవల కోసం ఇతర పరికరాలు 20 వరకు ఆ కంప్యూటర్‌ను ఆశ్రయించవచ్చు. దాన్ని సర్వర్‌గా వాడటానికి, నెట్‌వర్క్ మీద పలువురు ఏకకాలంలో వాడుకునేలా చేయడానికి వీల్లేదు. అకౌంట్స్ విభాగంలోని మామూలు కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేసుకోవడంలో తప్పు లేదు. అదే కంప్యూటర్‌కు విండోస్‌ను మార్చే ప్యాచ్ వేసి నలుగురు ఒకేసారి రిమోట్ డెస్క్‌టాప్‌లో (దూరం నుంచి ఆ కంప్యూటర్‌ను నడిపే సదుపాయంలో) పనిచేస్తే మాత్రం, ఆ ప్యాచ్ ఎంత చక్కగా నడిచినా, ఒప్పందాన్ని మీరినట్టే.

అపోహ: విండోస్ సర్వర్ కొన్నాక దాన్ని ఎందరు వాడుకున్నా అదనపు ఖర్చు ఉండదు.

వాస్తవం: అంచనా బడ్జెట్లు తలకిందులయ్యేది ఎక్కువగా ఇక్కడే. 2016 వెర్షన్ నుంచి స్టాండర్డ్, డేటాసెంటర్ ఎడిషన్లకు కోర్ల (ప్రాసెసర్‌లో పనిచేసే విభాగాల) లెక్కన లైసెన్సు తీసుకోవాలి; సర్వర్‌లో ఎనిమిది కోర్లే ఉన్నా కనీసం 16 కోర్లకు కట్టాలి. అది సర్వర్ నడపడానికి మాత్రమే. దాన్ని వాడుకునే ప్రతి మనిషికో, ప్రతి పరికరానికో క్లయింట్ యాక్సెస్ లైసెన్సు, అంటే మనం క్యాల్ అని పిలుచుకునేది, విడిగా ఉండాలి. మూడు షిఫ్టుల్లో 90 మంది 30 కంప్యూటర్ల మీద పనిచేసే చోట పరికరాల లెక్కన 30 క్యాల్‌లు సరిపోతాయి. ఒక్కొక్కరూ ల్యాప్‌టాప్‌తోనూ, ఫోన్‌తోనూ, ట్యాబ్‌తోనూ సర్వర్‌లోకి వచ్చే ఆసుపత్రిలో మనుషుల లెక్కే కలిసివస్తుంది.

మధ్యలో ఒక వెబ్ అప్లికేషన్ పెట్టి, యాభై మందిని ఒకే ఖాతా ద్వారా సర్వర్‌కు చేరిస్తే ఒక్క క్యాల్ చాలని కొందరు సలహా ఇస్తుంటారు. మైక్రోసాఫ్ట్ షరతులు దీన్ని మల్టీప్లెక్సింగ్ అంటాయి, యాభై మందినీ లెక్కలోకి తీసుకుంటాయి. ఆ సర్వర్ నుంచి డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లోని పరికరాలకు చిరునామాలు పంచే సేవ) ద్వారా ఐపీ చిరునామా తీసుకోవడం కూడా వాడకమే. సంస్థ వెబ్‌సైట్‌ను లాగిన్ లేకుండా చూసి వెళ్లే బయటివారికి మాత్రం క్యాల్ అక్కర లేదు. 25 మంది లోపు ఉన్న కార్యాలయాలకు, 50 పరికరాల వరకు క్యాల్ అడగని ఎసెన్షియల్స్ ఎడిషన్‌ను నేను ముందుగా సూచిస్తాను. సాధారణ క్యాల్‌లను సర్వర్ తనంతట తాను లెక్కపెట్టదు కాబట్టి, లోటు బయటపడేది ఆడిట్ జరిగినప్పుడే.

అపోహ: సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఉచితంగానే వస్తుంది.

వాస్తవం: ఉచితంగా వచ్చే రెండు సెషన్లు సర్వర్ నిర్వహణ కోసమే, వాటిలో కూర్చుని బిల్లులు కొట్టడానికి కాదు. సిబ్బంది పని కోసమైతే మామూలు క్యాల్‌కు తోడు ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) క్యాల్ కూడా కావాలి. లైసెన్సు లేకుండా ఆ సేవ 120 రోజులు నడిచి, ఆపైన కొత్త కనెక్షన్లను నిరాకరిస్తుంది. నాలుగు నెలలు సజావుగా నడిచింది కదా అని కొందరు దాన్ని వైరస్ పనిగా అనుమానిస్తారు.

అపోహ: ఒక ఒరిజినల్ కాపీకి బిల్లు ఉంటే దాన్ని కార్యాలయమంతా వేసుకోవచ్చు.

వాస్తవం: మన కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52 సక్రమంగా పొందిన ప్రోగ్రాముకు, అది పాడైతేనో పోతేనో ఆదుకోవడానికి, బ్యాకప్ కాపీ తీసుకోనిస్తుంది. పక్క కంప్యూటర్లో వేసుకునే హక్కును ఆ నిబంధన ఇవ్వదు. అక్రమ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

అపోహ: నెట్‌వర్క్ లైసెన్సు ఎవరిదైనా ఒకే తీరులో ఉంటుంది.

వాస్తవం: మన ఆడిటర్ల కార్యాలయాల్లో నిత్యం కనిపించే ట్యాలీప్రైమ్‌లో సిల్వర్ ఒక్కరి కోసం, గోల్డ్ ఒకే ల్యాన్‌లోని (కార్యాలయం లోపలి నెట్‌వర్క్‌లోని) ఎందరి కోసమైనా. డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఆటోడెస్క్ మాత్రం, ఉన్న కొన్ని లైసెన్సులను ముందు వచ్చినవారు తీసుకుని పని కాగానే వదిలేసే పద్ధతికి 2020 ఆగస్టు నుంచి స్వస్తి చెబుతూ, ఒక్కొక్కరి పేరు మీద సబ్‌స్క్రిప్షన్ ఇచ్చే పద్ధతికి మారింది. వంతులవారీగా వాడుకునే డిజైన్ కార్యాలయాలకు ఇది భారమైంది.

అపోహ: ఓపెన్ సోర్స్‌కు మారితే షరతుల గొడవే ఉండదు.

వాస్తవం: తలల లెక్క ఉండదన్నది నిజం, అది చిన్న ఊరట కాదు. కానీ షరతులు ఉంటాయి. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వచ్చిన ప్రోగ్రామును మార్చి మన సర్వర్‌లోనే నడుపుకుంటే సోర్స్ (ప్రోగ్రాము మూల కోడ్) ఇవ్వనక్కర లేదు. దానికి దగ్గరి లైసెన్సే అయిన, 2007లో వచ్చిన ఏజీపీఎల్ మూడో వెర్షన్ అయితే, మార్చిన ప్రోగ్రామును నెట్‌వర్క్ ద్వారా వాడేవారికి దాని సోర్స్ అందుబాటులో ఉంచాలంటుంది. మార్చకుండా వాడుకునేవారికి ఈ బాధ్యత లేదు. ఇక ఫైల్ సర్వర్‌ను లినక్స్ మీద సాంబాతో (విండోస్ కంప్యూటర్లకు ఫైళ్లు అందించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముతో) పెట్టుకుని, లాగిన్‌లను మాత్రం విండోస్ డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లను సరిచూసే సర్వర్) దగ్గరే ఉంచితే క్యాల్‌ల అవసరం తప్పదు, ఎందుకంటే లాగిన్ కావడమూ ఆ సర్వర్‌ను వాడుకోవడమే. 2012లో వచ్చిన సాంబా 4.0 నుంచి ఆ డొమైన్ కంట్రోలర్ బాధ్యతను కూడా సాంబాకే అప్పగించే వీలుంది.