“సమాధానం రావట్లేదు” అంటే దేవుడు వద్దన్నట్టేనా? అపోహలు, వాస్తవాలు

“ప్రార్థన చేశాను పాస్టరు గారూ, మనసులో సమాధానం రావట్లేదు.” హైదరాబాదులో పెళ్లి సంబంధమైనా, గచ్చిబౌలిలో కొత్త ఉద్యోగమైనా, అమెరికా చదువైనా సంఘ సేవకుల దగ్గరికి విశ్వాసులు తెచ్చే మాట ఎక్కువగా ఇదే. ఇక్కడ సమాధానం అంటే జవాబు కాదు, మనశ్శాంతి.

అపోహ: సమాధానం ఉంటే దేవుని చిత్తం, లేకపోతే కాదు.

వాస్తవం: బైబిలు ఈ సూత్రం ఎక్కడా చెప్పలేదు. అందరూ చూపించే కొలొస్సయులకు 3:15కి (“క్రీస్తు సమాధానం మీ హృదయాల్లో ఏలనివ్వండి”) ముందు వచనాలు చదవండి. ఒకరినొకరు సహించడం, క్షమించడం గురించి పౌలు రాస్తున్నాడు. అది సంఘంలో మనుషుల మధ్య ఉండాల్సిన సమాధానం. ఏ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టాలన్న ప్రశ్నే అక్కడ లేదు. ఫిలిప్పీయులకు 4:7లో సమాధానం హృదయానికి కావలి ఉంటుందన్నాడు గాని, దారి చూపిస్తుందనలేదు.

యోనా ప్రవక్త దేవుని మాట కాదని తర్షీషు ఓడెక్కి, తుపానులో కూడా గాఢనిద్ర పోయాడు. యేసు ప్రభువు తన తండ్రి చిత్తానికి లోబడుతూనే గెత్సేమనే తోటలో వేదనపడ్డాడు. చెమట రక్తబిందువుల్లా కారింది. ప్రశాంతతే గుర్తయితే యోనాదే సరైన దారి అనాలి.

జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే: భయపెట్టే పనికి “వద్దు” అనేయగానే గుండె తేలికపడుతుంది. అది గండం తప్పిందన్న ఊరట మాత్రమే. దాన్ని దేవుని జవాబనుకుని మంచి సంబంధాలు, మంచి ఉద్యోగాలు వదులుకుంటున్నారు. నిద్ర చాలకపోయినా, ఉపవాసంతో నీరసించినా, థైరాయిడ్ ఎక్కువైనా మనసు కుదుటపడదు. ఆ స్థితిలో “దేవుడు వద్దంటున్నాడు” అని తేల్చకండి.

మరి చేయాల్సిందేమిటి? ముందు ఇందులో పాపం ఉందా చూడండి. అబద్ధపు సర్టిఫికెట్టుతో వచ్చే ఉద్యోగానికి ఎంత సమాధానం ఉన్నా తప్పు తప్పే. పాపం లేదంటే కాగితం మీద “నాకు దేనికి భయం?” అని రాసి, ఒక్కో భయం పక్కన దానికి ఆధారం రాయండి. “అబ్బాయి వాళ్లమ్మను అందరి ముందూ కసురుకున్నాడు”, “జీతం అడిగితే మాట దాటేశాడు”: ఇవి ఆధారాలు, విచారించాల్సిందే. “కొత్త ఊరు, ఎవరూ తెలీదు”: ఇది మార్పు వల్ల వచ్చే బెరుకు. తర్వాత ఆ రంగం తెలిసిన, మీ నిర్ణయంతో తమకు లాభం లేని ఇద్దరు ముగ్గురిని అడగండి (సామెతలు 11:14 చెప్పేదిదే). ఒక తేదీ పెట్టుకుని, ప్రార్థించి, ఆ రోజు నిర్ణయించేయండి.

పెళ్లి విషయంలో తల్లిదండ్రులకు ఒక మాట. అమ్మాయి కారణం చెప్పలేకపోయినా “వద్దు” అంటే ఆగండి. బైబిల్లో ఇస్సాకుతో పెళ్లికి రిబ్కాను కూడా “వెళ్తావా” అని అడిగే పంపారు.

అపోహ: భావాలు శరీర సంబంధమైనవి, పట్టించుకోకూడదు.

వాస్తవం: నెహెమ్యా యెరూషలేము గోడలు కూలిన సంగతి విని ఏడ్చాడు, ఆ దుఃఖమే అతన్ని పనికి కదిలించింది. కాకపోతే వెంటనే పరుగెత్తలేదు: ఉపవాసముండి ప్రార్థించాడు, రాజును సెలవడిగాడు, రాత్రివేళ గోడలు తిరిగి చూశాడు. మనసు బాగా కుంగి ఉన్నప్పుడు పాత నిర్ణయాన్ని మార్చవద్దని 16వ శతాబ్దంలోనే జెస్యూట్ సంఘ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా నియమం పెట్టాడు. అది ఇప్పటికీ పనికొస్తుంది.

మిగతావి క్లుప్తంగా. జనవరి 1న తీసే వాగ్దాన కార్డు (బైబిలు వచనం రాసి ఉండేది) ఆదరణ కోసం, ఏ ఇల్లు కొనాలో చెప్పడానికి కాదు. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం చీటీ వేయడమే. ఎవరో దర్శనం చూశామన్నంత మాత్రాన మీ పెళ్లి ఖాయం కాదు.

నెలల తరబడి చిన్న నిర్ణయానికి కూడా వణుకు, నిద్ర పట్టకపోవడం, “దేవునికి కోపమొచ్చిందేమో” అని అదే ప్రార్థన మళ్లీమళ్లీ చేయడం ఉంటే అది విశ్వాస లోపం కాదు, వైద్యం కావాల్సిన ఆందోళన కావచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే నలుగురూ ఏమంటారోనని ఆగకండి. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు.