కారు కింద నీళ్లు

అమ్మలూ,

శాన్‌హోసేలో మీ పక్కింటి అంకుల్ తన టయోటా మిరాయ్ అనే హైడ్రోజన్ కారు ఆపగానే వెనక నీళ్లు కారాయని, "పాడైందా తాతయ్యా?" అని ఫోన్లో అడిగావు. పాడవలేదమ్మా. పెట్రోలు కారు పొగ వదిలినట్టు అది నీళ్లు వదులుతుంది. టాంకులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే కరెంటూ పుడుతుంది, నీళ్లూ పుడతాయి. కిలో హైడ్రోజన్‌కి 9 కిలోల నీళ్లు. కొత్త మిరాయ్‌లో పట్టేది 5.6 కిలోలు. లెక్క నువ్వే వెయ్యి.

కారులో ఈ కరెంటు పుట్టేచోట పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని నారుమడి అనుకో. ఎండితే మడి నెర్రెలిస్తుంది, నీళ్లు నిలిస్తే మొలకకి గాలాడదు. ఆ పొరా అంతే. తడి ఉంటేనే ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్‌లోని బుల్లి రేణువులు, దాన్ని దాటతాయి. తడి ఎక్కువైతే ఆక్సిజన్ వచ్చే సందులు నీళ్లతో మూసుకుపోయి కరెంటు పడిపోతుంది. ఇలాంటి మళ్లు ఆ కారులో 330, ఒకదాని పక్కన ఒకటి!

నా పదో ఏట మా నాన్న మొలక చల్లిన మడి నాకు అప్పజెప్పి, "రాత్రి వానొస్తే మడవ తియ్యరా" అన్నాడు. మడవంటే నీళ్లు బయటికి పోయేందుకు గట్టుకి పెట్టే గండి. గోనెపట్టా కప్పుకుని గట్టు మీద కూర్చున్నా. వానా వచ్చింది, నిద్రా వచ్చింది. తెల్లారేసరికి మడి చెరువైంది. మూడో రోజుకి కుళ్లు వాసన. నాన్న తిట్టలేదు. పక్కూళ్లో నారు కొని, ఆ కట్టలు నాచేతే మోయించాడు. అప్పజెప్పిన పని దగ్గర కునుకు తియ్యకూడదమ్మా.

ఇక వేడి సంగతి. హైడ్రోజన్ శక్తిలో దగ్గర దగ్గర సగం వేడిగానే పోతుంది. పెట్రోలు ఇంజను చాలా వేడిని సైలెన్సర్ నుంచి ఊదేస్తుంది. దీనికి ఆ దారి ఇరుకు, భారమంతా రేడియేటర్ మీదే. పైగా పొర మరీ వేడెక్కకుండా, 80 డిగ్రీల దరిదాపుల్లో ఉండేలా చూసుకోవాలి, లేకపోతే ఎండిపోతుంది. పొగలు కక్కే కాఫీ గబగబా చల్లారుతుంది, గోరువెచ్చనిది మాత్రం నెమ్మదిగా చల్లారుతుంది చూడు. ఈ కారు వేడీ అంతే, మరీ ఎక్కువ కాదు కాబట్టి గాలిలోకి త్వరగా పోదు. అందుకే ఈ కారుకి పెద్ద రేడియేటర్ కావాలి. మా నెల్లూరు మే నెల ఎండలో పాపం దానికి ఇంకా కష్టం. మేమూ ఎండ ముదిరితే మడిలో కాగిన నీళ్లు తీసేసి చల్లటివి పెట్టేవాళ్లం.

ఆ కారులో 'హెచ్‌టూఓ' అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే లోపల నిలిచిన నీళ్లు ఒక్కసారిగా బయటికొస్తాయి. అదే మడవ! అంకుల్‌ని అడిగి నొక్కించు. తాగకు. వేలు పెట్టి చూసి, వెచ్చగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో నాకు రాయి.

మీ తాతయ్య