కాన్వాయ్ బొమ్మలు: అపోహలు, వాస్తవాలు

అపోహ: కాన్వాయ్ అంటే ఒకదాని వెనక ఒకటి, ఊరేగింపులా సాగే ఓడలు.

కాన్వాయ్ అంటే యుద్ధనౌకల కాపలాలో గుంపుగా సాగే సరుకు ఓడలు. మొదట్లో వాటిని నేనూ కాన్వాస్ మీద అలా వరసగానే వేశాను. నిజానికి రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ దాటిన కాన్వాయ్‌లకు పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ. పక్కన మాటు వేసిన సబ్‌మెరైన్‌కు తక్కువ ఓడలు దొరకాలని ఆ ఏర్పాటు. వరసకీ వరసకీ మధ్య సుమారు 1000 గజాలు. అందుకే కాన్వాస్‌లో ముప్పావు వంతు నీళ్లూ ఆకాశమే ఉంటాయి, దూరపు ఓడ గోరంత కనిపిస్తుంది. కొనేవాళ్లకు ఇది నచ్చదు. "ఇంకో రెండు ఓడలు పెట్టండి సార్" అంటారు.

అపోహ: నల్లటి పొగ దట్టంగా వస్తేనే బొమ్మకు ఊపు.

పొగ దిగంతం అవతలి నుంచి కూడా కనబడి ఓడల జాడ చెప్పేస్తుంది. అందుకే పొగ ఎక్కువగా వదిలే ఓడకు చీవాట్లు పడేవి. కొంచెం పొగ వేసినా గాలి లెక్క తప్పకూడదు. నా మొదటి పెద్ద బొమ్మ చూసి నేవీలో రిటైరైన ఒక పెద్దాయన అడిగారు: "ఏం బాబూ, జెండా ఇటు ఎగురుతోంది, పొగ అటు పోతోంది. నీ ఓడకి రెండు గాలులా?" ఆ పొగంతా కత్తితో గీకేసి మళ్లీ వేయడానికి రెండు రోజులు పట్టింది.

అపోహ: ఓడల మీద అడ్డదిడ్డంగా వేసిన చారలు శత్రువుకు కనబడకుండా ఉండటానికి.

సముద్రం మీద ఓడను దాచడం అయ్యే పని కాదు. 1917లో ఈ 'డాజిల్' పద్ధతిని ముందుకు తెచ్చిన నార్మన్ విల్కిన్సన్ మనలాగే సముద్రం బొమ్మలు వేసే చిత్రకారుడు. నీళ్లలో దూసుకెళ్లి ఓడను పేల్చే టార్పెడోను ఓడ ఉన్న చోటుకి కాదు, కాసేపట్లో ఉండబోయే చోటుకి గురిపెట్టాలి. ఓడ ఎటు పోతోందో తికమక పెడితే గురి తప్పుతుందని ఆయన ఆలోచన.

అపోహ: నలుపు, తెలుపు కలిపితే యుద్ధనౌక రంగు వస్తుంది.

వచ్చేది సిమెంటు రంగు. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెనా గోధుమ రంగు, తెలుపు కలిపి చూడండి.

అపోహ: గెలిచి వచ్చిన ఓడను ఠీవిగా చూపించాలి.

1942 ఆగస్టులో మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవికి బయల్దేరిన 'పెడెస్టల్' కాన్వాయ్‌లో 14 సరుకు ఓడలు ఉంటే రేవు చేరినవి 5. వాటిలో చివరిది 'ఒహాయో' అనే చమురు ట్యాంకర్. 12న టార్పెడో తగిలింది, తర్వాత బాంబులు, ఆపై ఇంజన్లూ ఆగిపోయాయి. డెస్ట్రాయర్లనే యుద్ధనౌకలు రెండు చెరోపక్కా కట్టుకుని, మునగకుండా పట్టి 15న మాల్టా రేవు గ్రాండ్ హార్బర్‌కు చేర్చాయి. ఆ రోజు అక్కడ శాంటా మరీయా, అంటే మేరీమాత పండగ. మాల్టా జనం ఇప్పటికీ ఆ కాన్వాయ్‌ను పండగ పేరుతోనే పిలుస్తారు.

ఇప్పుడు నా ఈజిల్ మీద ఉన్నది ఆ ఉదయమే. చిక్కేమిటంటే, అసలు ఓడ డెక్ దాదాపు నీళ్లను తాకేంత కిందికి దిగింది. పక్కన ఉన్న డెస్ట్రాయర్లే ముందు కంటపడతాయి. వెనక కోట గోడల తేనెరంగు రాయిని కొంచెం ఎండలో పెట్టాను, ట్యాంకర్‌ను నీడలోనే ఉంచాను. నిన్న చూసిన మిత్రుడు ఓడ ముందు తెల్లటి నురగ వేస్తే బాగుంటుందన్నాడు. వేయలేదు. ఆ నడకకి నురగ లేవదు.