పోనీ అని వదిలేసిన గుర్రాలు

అమెరికా తూర్పు తీరంలో అసటీగ్ అనే సన్నటి ఇసుక దీవి ఉంది. పొడవు 37 మైళ్లు. పైభాగం మేరీల్యాండ్‌ది, కిందిభాగం వర్జీనియాది. దీవిలో స్వేచ్ఛగా తిరిగే గుర్రాలు దాటకుండా సరిహద్దు మీద కంచె వేశారు. కంచెకు దక్షిణాన పుట్టిన గుర్రప్పిల్లలను ఏటా వేలం వేస్తారు. ఉత్తరాన అసలు పిల్లలే ఎక్కువ పుట్టకుండా మందు వేస్తూ వచ్చారు. ఏది దయగల పద్ధతి అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. నన్నడిగితే, ముందు తేలవలసింది ఆ గుర్రాలు ఎవరివన్నది.

మునిగిపోయిన స్పెయిన్ ఓడలోంచి ఈదుకుంటూ వచ్చాయని స్థానికుల కథ. పశువులకు కంచె కట్టాలన్న చట్టాన్నీ పశువుల పన్నునూ ఎగవేయడానికి 17వ శతాబ్దంలో ఒడ్డు మీది రైతులే వాటిని దీవికి తోలారన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. చుట్టూ నీళ్లుంటే కంచె ఖర్చు మిగిలినట్టే కదా. అయితే 2022లో ఓడ కథకూ కాస్త ఊపిరి వచ్చింది. హైతీలోని పాత స్పానిష్ స్థావరంలో దొరికిన 16వ శతాబ్దపు గుర్రం పంటిని పరీక్షిస్తే, ఈ దీవి గుర్రాలతో దగ్గరి చుట్టరికం కనిపించింది. ఎలా వచ్చినా, ఉప్పుమడుగుల్లో గరుకు గడ్డి మేస్తూ, ఆ ఉప్పుకు మామూలు గుర్రాలకన్నా రెట్టింపు నీళ్లు తాగుతూ బతికాయి. కడుపులు ఉబ్బి ఉండేది తిండి ఎక్కువై కాదు, ఆ నీళ్ల వల్లే.

దక్షిణ భాగపు మందకు యజమాని పక్కనే ఉన్న షింకటీగ్ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం. 1920లలో అగ్నిప్రమాదాలు ఊరిని దెబ్బతీశాక, మంటలార్పే సామగ్రికి డబ్బు కావలసి వచ్చింది. ఏటా గుర్రాలను దొడ్డికి తోలే పాత ఆనవాయితీని దళం 1925లో తన చేతిలోకి తీసుకుని వేలం మొదలుపెట్టింది. జూలై చివరి బుధవారం, ఆటుపోట్లు నిలకడగా ఉన్న వేళ చూసి, గుర్రాలను దీవి నుంచి ఊరికి కాలువలో ఈదిస్తారు. మర్నాడు పిల్లల వేలం. 1943లో దీవిలో ఆ భాగం వలసపక్షుల అభయారణ్యమైంది. మేతకు అనుమతి ఇచ్చారు గానీ పెద్ద గుర్రాలు 150 మించకూడదన్నారు. దాంతో విరాళాల కోసం పెట్టిన వేలమే మందను అదుపులో ఉంచే సాధనమైంది. కొన్ని పిల్లలను కొన్నవాళ్లు ఇంటికి తీసుకుపోరు, పేరు పెట్టి మళ్లీ దీవికే వదులుతారు. మన ఊళ్లలో అచ్చువేసి ఆబోతును వదిలినట్టు!

ఉత్తర భాగం కథను మలుపు తిప్పింది తుపాను. అక్కడ విహార పట్టణం కట్టడానికి స్థలాలు కూడా అమ్మేశారు. 1962 మార్చిలో సముద్రం రోడ్లను ఊడ్చేసింది. 1965లో అది ప్రభుత్వ రక్షణలోని జాతీయ తీరం అయింది. 1968లో అక్కడ గుర్రాలు 28. 1990ల చివరికి 160 దాటాయి. ఇసుక దిబ్బలను పట్టి ఉంచే గడ్డిని అవే మేసేస్తాయి. వాటిని వేలం వేయలేదు, జాతీయ పార్కుల సంస్థ చేతిలో అవి వన్యప్రాణుల లెక్కలోకి వచ్చాయి. అందుకని పంది అండాశయాల నుంచి తీసిన మాంసకృత్తుతో చేసిన, గర్భం రాకుండా ఆపే టీకాను దూరం నుంచి తుపాకీతో ఆడ గుర్రాల తొడలోకి కొట్టి ప్రయోగాలు చేసి, 1994 నుంచి పద్ధతిగా అమలు చేశారు. లక్ష్యం 80 నుంచి 100. కానీ సంఖ్య చాలా నిదానంగా తగ్గింది. ఈనే శ్రమ తప్పిన ఆడ గుర్రాలు మునుపటికన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ బతికాయి మరి.

పిల్లను తల్లి నుంచి వేరుచేసి అమ్మడం కన్నా ఈ సూదే నయమని నాకనిపిస్తుంది. అయితే వర్జీనియా గుర్రాలను ఏటా పశువైద్యులు చూస్తారు. 2017, 2018లలో చిత్తడి నీటి నుంచి సోకే మొండి పుండ్ల జబ్బుతో కొన్ని చనిపోతే, దళం చికిత్సలు చేయించింది, టీకాలు వేయించింది. వన్యప్రాణి అన్న పేరు పడ్డ ఉత్తరాది గుర్రానికి సాధారణంగా ఆ భాగ్యం ఉండదు.

సందర్శకులు 40 అడుగుల దూరంలో ఉండాలనీ, తిండి పెట్టకూడదనీ అక్కడ నియమం. చిప్ అని జనం పిలుచుకునే మగ గుర్రానికి ఆ నియమం పాటించనివాళ్లు మనుషుల తిండి రుచి చూపించారు. అది గుడారాల మీద పడి వెతుక్కోవడం, అడ్డొచ్చినవాళ్ల మీదికి రావడం నేర్చింది. 2022లో దాన్ని దీవి నుంచి తీసేసి టెక్సస్‌లోని జంతు సంరక్షణాలయానికి పంపేశారు.