ఊపిరి బిగబట్టిన హాలు

మొన్న ఆదివారం బెంగళూరులో, మారతహళ్లి వైపు ఒక థియేటర్లో సెకండ్ షోకి వెళ్లాను. హాలు నిండా మనవాళ్లే. పీజీల్లో ఉండే కుర్రాళ్లు, చంటిపిల్లతో వచ్చిన కర్నూలు జంట. ఇంటర్వెల్‌కి కాస్త ముందు, తండ్రి శవం పక్కన హీరో వానలో కూలబడ్డాడు. నా పక్క కుర్రాడి చెయ్యి పాప్‌కార్న్ పొట్లంలో అలాగే ఆగిపోయింది. తర్వాత హీరో లేచాడు. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది, ఆపైన ఈలలు.

ఆ ఊపిరిని నిజంగానే కొలిచారు. జర్మనీలోని మైన్జ్‌లో, మాక్స్ ప్లాంక్ రసాయన పరిశోధన సంస్థకు చెందిన జొనాథన్ విలియమ్స్ బృందం సినిమా హాల్లోంచి బయటికి పోయే గాలిని పరీక్షించింది. 16 సినిమాలు, 108 ఆటలు, దాదాపు 9,500 మంది ప్రేక్షకులు. 2016లో ఫలితాలు ప్రచురించారు. ఉత్కంఠ రేపే సీన్ల దగ్గర గాలిలో కార్బన్ డయాక్సైడ్, ఐసోప్రీన్ అనే రసాయనం పెరిగాయి. మరో ఆటలో, వేరే జనం కూర్చున్నా, అదే సీను దగ్గర మళ్లీ పెరిగాయి. ఐసోప్రీన్ కండరాల్లో నిలవుంటుంది; ఒళ్లు బిగుసుకుని కదిలితే శ్వాసలో బయటపడుతుంది.

ఈమధ్య ఎవరిని కదిపినా, జనానికి ఇప్పుడు చీకటి కథలే కావాలి, మంచివాడి కథ చప్పగా ఉంటుంది అంటున్నారు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. మనకు ఇష్టమైన మనిషికి కీడు జరుగుతుందేమోనన్న బెంగే ఉత్కంఠకు మూలమని మనస్తత్వ శాస్త్రవేత్త డాల్ఫ్ జిల్మన్ 1970లలోనే వివరించాడు. భయంతో రేగిన గుండెదడ సీను మారగానే తగ్గదు. కాసేపు నిలిచి, తర్వాత వచ్చే గెలుపు సంతోషంలో కలిసి దాన్ని పెంచుతుంది. అంటే ఆశకు చీకటి కావాలి. మొదటి రీలు నుంచీ అందరూ దొంగలే అయిన కథలో మాత్రం మన బెంగ ఎవరి కోసం?

విషాదాంతమైతే సంతోషం ఉండదుగా అనొచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ బృందం కొందరికి గుండె పిండే సినిమా, కొందరికి డాక్యుమెంటరీలు చూపించి, ముందూ వెనకా గోడకుర్చీ వేయించింది. అవును, చిన్నప్పుడు బళ్లో మన చేత వేయించిన గోడకుర్చీయే! విషాదం చూసినవాళ్లకు నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగింది. పక్కవాళ్లు మునుపటికంటే దగ్గరివాళ్లనిపించారు. డాక్యుమెంటరీలు చూసినవాళ్లలో ఆ మార్పు రాలేదు. నొప్పిని తగ్గించేందుకు ఒంట్లోనే పుట్టే ఎండార్ఫిన్లనే రసాయనాలే కారణం కావచ్చని వాళ్ల అభిప్రాయం. ఏడ్చినా కలిసి ఏడ్చాం కదా.

ఆట వదిలాక పాప్‌కార్న్ కుర్రాడు స్టాండులో బండి తీస్తూ, "వాళ్ల నాన్న బతికుంటే బాగుండేది కదన్నా" అన్నాడు. ఊరూ పేరూ అడక్కుండానే, పది నిమిషాలు ఆ నాన్న గురించే మాట్లాడుకున్నాం.