పాదం గాయం, డిసేబిలిటీ పెన్షన్: గడువు దాటిందని ఊరుకోకండి

మొన్న టెక్కలి వైపు నుంచి ఆర్మీలో నాయక్ ర్యాంకులో చేసి వచ్చినాయన ఒకరు వచ్చారు. పెట్రోలింగులో మడమ ఎముక విరిగింది, ఇప్పటికీ ఎడమ కాలు ఈడుస్తూనే నడుస్తారు. డిసేబిలిటీ పెన్షన్ క్లెయిమ్ కొట్టేస్తూ ఎనిమిదేళ్ల కిందట వచ్చిన ఉత్తరం చేతిలో పెట్టి, "ఆర్నెల్లు దాటిపోనాది కదా బాబూ, ఇంకేటి సేత్తాం" అన్నారు. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున దాచారట.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా తిరుగుతోంది.

ఆరు నెలల గడువు ఉన్నది నిజమే. మొదటి అప్పీలుకు ఆరు నెలలు, అదీ పోతే రెండో అప్పీలుకు మరో ఆరు నెలలు. దాటితే ఆలస్యానికి కారణం రాసి మాఫీ అడగొచ్చు. ఆ తర్వాత సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మనకు చెన్నై బెంచ్. వకీలు ఉంటే ప్రతి వాయిదాకూ మీరు రైలెక్కనక్కర్లేదు. తర్సేమ్ సింగ్ అనే జవాను 1983లో బయటికొచ్చి, 1999లో కోర్టుకెళ్లారు. పెన్షన్ నెలనెలా అందాల్సింది కాబట్టి ఆలస్యమైందని కేసు కొట్టేయనక్కర్లేదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే బకాయిని కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేసింది.

నష్టమంతా ఇక్కడే. చివరి జీతం లెక్క 40,000 అనుకోండి. నూరు శాతం వైకల్యానికి అందులో 30 శాతం, అంటే నెలకు 12,000. మెడికల్ బోర్డు 20 శాతం రాస్తే 2,400. శాతాన్ని పై మెట్టుకు పెంచి లెక్కించే బ్రాడ్ బ్యాండింగులో 20ని 50గా లెక్కిస్తారు, అప్పుడు 6,000. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తేలింది. (2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికొచ్చినవాళ్ల రూల్స్ వేరు.) ఈ లెక్కన ఎనిమిదేళ్లలో అయిదేళ్ల డబ్బు, 3,60,000 పోయినట్టే. ఆయనకు ఈ అంకె చెప్పడానికి నాకు నోరు రాలేదు. టీ తెప్పించి, తాగాక చెప్పాను.

"ఆటలో తగిలితే డ్యూటీ కాదు" అన్నది ఇంకో పుకారు. దీన్ని నేనూ నమ్మాను, అదీ యూనిట్లో క్లర్కుగా ఉండి! వాలీబాల్ ఆడుతుంటే చీలమండ మడతపడింది. సిగ్గుపడి గాయం రిపోర్టు కూడా రాయించుకోలేదు. యూనిట్ ఆడించిన ఆటలూ, పీటీ డ్యూటీ కిందికే వస్తాయని 1982 ఎంటైటిల్‌మెంట్ రూల్స్‌లో ఉందని తర్వాతెప్పుడో చదివాను. గాయం కేసులో ఆ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (గాయంపై యూనిట్ జరిపే విచారణ) కాగితమే ప్రాణం. మీ దగ్గర లేకపోతే మీ సర్వీసు కాగితాలు దాచే రికార్డ్ ఆఫీసుకు ఆర్టీఐ పెట్టండి.

"అప్పీలు పెడితే ఉన్న పెన్షన్ ఆపేస్తారు" అంటారు, ఒట్టి మాట. "పాదం చదునుగా ఉంది, పుట్టుకతోనే వచ్చింది అన్నారు" అని కొందరు బాధపడతారు. రిక్రూట్‌మెంట్ మెడికల్‌లో పాదాలు చూసే తీసుకున్నారు కదా, అప్పటి కాగితంలో ఏం రాశారో ముందు చూడండి. విజయనగరంలో ఎవరో వాటా ఇస్తే పని చేయిస్తానన్నాడట. ముందు జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసుకు వెళ్లి అడగండి.

నా దగ్గరికొచ్చేవాళ్లు కొత్త ఎక్స్‌రేలకు డబ్బు తగలేయొద్దు. డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాలు, ఆ తిరస్కరణ ఉత్తరం పట్టుకురండి, చాలు. కవరు కూడా పారేయకండి, దాని మీద తేదీ ముద్ర ఉంటుంది.